కోడి అంటే ఆవు అని టాబ్‌కి ఎవరు చెప్తారు?

పోస్టు పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తిట్టాలనుకుంటే చదివేక తిట్టండి.

విషయం ఏటంటే, మొన్న ఆదివారం మన పిల్లలం కొంతమందిమి కూర్చుని పాడేరు ఐటీడీఏకి ఇవ్వాల్సిన వినతిపత్రం రాసుకున్నాం. పదకొండు డిమాండ్లు వచ్చాయి. మొదటి డిమాండ్: మన్యంలో ప్రతి అంగన్‌వాడీకి, ప్రతి ప్రైమరీ స్కూలుకి టాబ్‌లు, టచ్ టీవీలు, వీలైతే వీఆర్ కళ్లజోళ్లు ఇవ్వాలి. తొమ్మిదో డిమాండ్: పిల్లల భాష తెలిసిన వాలంటీర్లని ప్రైమరీ స్కూళ్లలో పెట్టాలి. ఆ వరస తిరగెయ్యాలని మేం అన్నాం. గొడవయ్యింది. "మీరు హాస్టల్లో తెల్లారిందాకా ఫోన్లు నొక్కుతారు, చిన్నపిల్లలకి మాత్రం వద్దంటారేటి?" అని ఒక అన్న అడిగాడు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. కానీ అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెప్తున్నాం.

ముందు ఒకటి తేల్చేద్దాం. "కొండల్లో పిల్లలకి టాబ్ ఎందుకు, పాడు చేసుకుంటారు, సినిమాలు చూస్తారు" అనేవాళ్ల పక్కన మేం నిలబడం. ఆ మాటలో పిల్లల మీద ప్రేమేమీ లేదు. మనకి రోడ్డెందుకు అన్నదీ వాళ్లే, డిగ్రీ ఎందుకు అన్నదీ వాళ్లే. 2020లో స్కూళ్లు మూసేసినప్పుడు మేం తొమ్మిదో, పదో తరగతుల్లో ఉన్నాం. సిగ్నల్ కోసం కొండెక్కి, బండ మీద కూర్చుని, చెయ్యి పైకెత్తి ఫోను పట్టుకుని పాఠం విన్నాం. ఫోను లేకపోతే ఏం పోతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ రోజుకీ స్కాలర్‌షిప్ పడిందో లేదో చూసుకునేది ఫోన్లోనే, అప్లికేషన్ పెట్టేది ఫోన్లోనే.

కాబట్టి మా గొడవ టెక్నాలజీతో కాదు. మా గొడవ మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లల గురించి. ఆ వయసు పిల్లలు తెర మీద నుంచి ఏం నేర్చుకుంటారు, ఏం నేర్చుకోలేరు అన్నది ఒక్కసారైనా మాట్లాడుకోకుండా అది మొదటి డిమాండ్ ఎలా అయ్యింది? పట్నంలో ఉన్నాది కాబట్టి మనకీ కావాలి అన్నది తప్ప ఆ ఆదివారం ఇంకో కారణం మాకు వినపడలేదు.

వేసవి సెలవుల్లో చూసింది చెప్తాం. మా గదిలో ఒకరి మేనకోడలికి నాలుగేళ్లు. గూడెం కొత్తవీధి వైపు ఊరు. ఫోన్లో లెక్కల ఆట ఆడుతున్నాది. తెర మీద మూడు మామిడిపళ్లు వస్తాయి, కింద మూడు అంకెలు వస్తాయి. సరైన అంకె నొక్కితే చప్పట్లు, బెలూన్లు. పాప టకటకా నొక్కేస్తున్నాది, చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. మేమూ మురిసిపోయాం. తర్వాత గుప్పెడు చింతపిక్కలు ముందు పోసి "మూడు ఇయ్యమ్మా" అన్నాం. దోసెడు తీసి చేతిలో పెట్టింది. మళ్లీ అడిగాం. ఒకటి పెట్టింది. అప్పుడు ఫోను ఇచ్చి పక్కన కూర్చుని చూశాం. పాప లెక్కపెట్టట్లేదు. మూడు అంకెల్నీ వరసపెట్టి నొక్కుతున్నాది. తప్పు నొక్కితే "టుయ్" మంటాది, ఇంకేం అవ్వదు. ఏదో ఒకటి నొక్కేసరికి చప్పట్లు వస్తాయి. చప్పట్లు వచ్చేదాకా నొక్కాలి అని పాప నేర్చుకుంది. తెలివైన పిల్లే. ఆట ఏం నేర్పిందో అది బాగానే నేర్చుకుంది.

ఆ ఇంట్లో వాళ్ల అమ్మమ్మ ఇంకో పని చేసింది. రాత్రి పనసపిక్కలు కాల్చి, అందరికీ మూడేసి పంచే పని ఈ పిల్లకి అప్పజెప్పింది. మొదటి రాత్రి ఒకరికి నాలుగు, ఒకరికి రెండు. రెండో రాత్రీ అంతే. నాలుగో రాత్రికి చెయ్యి తప్పలేదు. ఇక్కడ తప్పు చేస్తే "టుయ్" మని శబ్దం రాలేదు, తమ్ముడు ఏడ్చాడు. తక్కువ వచ్చినవాళ్లు చెయ్యి చాపి చూపించారు. పాప ఒక్కొక్కళ్ల మొహం చూసి, పిక్కలు చూసి, సరిచేసుకుంది. మూడు అంటే ఏటో ఆ పిల్లకి అక్కడ తెలిసింది.

ఒక ఇంట్లో ఒక పిల్లని చూసి లోకం గురించి చెప్పేస్తున్నారా అంటారు. న్యాయమే. అందుకే కాలేజీ లైబ్రరీలో, నెట్‌లో దొరికింది చదివాం. మాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒక్కో పేపరు నలుగురం కూర్చుని మూడు రోజులు చదివాం. అర్థమైనంత చెప్తాం.

2003లో అమెరికాలో, సియాటెల్‌లో, పెట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త ఒక పని చేశారు. తొమ్మిది నెలల పసిపిల్లలు, ఇంట్లో ఇంగ్లీషు తప్ప వేరే భాష విననివాళ్లు. కొంతమంది దగ్గర చైనా భాష మాట్లాడే మనిషి కూర్చుని పన్నెండుసార్లు ఆడించారు, పుస్తకం చదివారు. ఇంకొంతమందికి అదే మనుషుల్ని, అవే మాటల్ని టీవీలో చూపించారు. ఇంకొంతమందికి శబ్దం మాత్రం వినిపించారు. మనిషి దగ్గర కూర్చున్న పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడా పట్టుకున్నారు. టీవీ చూసినవాళ్లు, శబ్దం విన్నవాళ్లు ఏమీ పట్టుకోలేదు. మాటలు అవే, గొంతు అదే. తేడా ఒక్కటే: ఎదురుగా మనిషి ఉన్నాడా లేడా.

టీవీ వేరు, టచ్ స్క్రీన్ వేరు, అది పిల్ల నొక్కితే పలుకుతుంది కదా అని అడగొచ్చు. నిజమే, అందులో కొంత బలం ఉన్నాది. 2014లో వచ్చిన ఇంకో పరిశోధనలో రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లలకి కొత్త మాటలు నేర్పారు. వీడియో కాల్‌లో మనిషి పిల్ల మాటకి బదులిస్తూ మాట్లాడితే, పక్కన కూర్చుని మాట్లాడినట్టే నేర్చుకున్నారు. ముందే రికార్డు చేసిన వీడియో చూపిస్తే నేర్చుకోలేదు. అంటే తెర ఉందా లేదా అన్నది ఒక్కటే లెక్క కాదు. అవతల ఉన్నది ఈ పిల్లకి, ఈ క్షణంలో, ఈ పిల్ల చేసినదానికి బదులిస్తున్నాదా అన్నది అసలు లెక్క. కాస్త పెద్దపిల్లలు, నాలుగు నుంచి ఆరేళ్లవాళ్లు, తెర మీద ఆడిన బిళ్లల పజిల్‌ని నిజం చెక్కబిళ్లలతో కూడా చెయ్యగలిగారని 2016లో ఒక పరిశోధన వచ్చింది. అదీ చెప్తున్నాం, దాచం. వయసు పెరిగే కొద్దీ, ఆట బాగా తయారుచేసిందైతే, తెర మీద నేర్చుకున్నది చేతిలోకి దిగుతుంది. వయసు తగ్గే కొద్దీ దిగడం కష్టం. తెర మీద నేర్చుకున్నది తెర మీదే ఉండిపోతుంది. మా మేనకోడలి మామిడిపళ్లు ఫోన్లోనే ఉండిపోయినట్టు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కూడా ఇక్కడే చెప్పేస్తాం. రెండేళ్ల లోపు పిల్లలకి తెర అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటొద్దు, తక్కువైతే ఇంకా మంచిది. మనం మొదటి డిమాండుగా అడుగుతున్నది అంగన్‌వాడీకి. అంగన్‌వాడీలో ఉండేది ఎవరు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇది సియాటెల్‌లో ఎవరూ రాయలేదు, మనమే రాసుకోవాలి.

తెలుగులో కోడి అంటే కోడి. కువిలో కోడి అంటే ఆవు. కొండ భాషలో కూడా కోడి అంటే ఆవే. తెలుగులో ఏరు అంటే ఏరు. కొండ భాషలో ఏరు అంటే నీళ్లు. ఇప్పుడు ఒకటో తరగతిలో కొండమీద ఊరి నుంచి వచ్చిన కువి పిల్లని ఊహించుకోండి. టచ్ టీవీ మీద కోడిపుంజు బొమ్మ వస్తుంది. "కోడి" అని ఆడగొంతు పలుకుతుంది. "కోడిని ముట్టుకో" అంటుంది. పక్కన ఆవు బొమ్మ కూడా ఉంటుంది. పిల్ల ఆవుని ముట్టుకుంటుంది. "టుయ్." మళ్లీ ఆవుని ముట్టుకుంటుంది. "టుయ్." పిల్ల చెప్పింది రైటు. పుట్టినప్పట్నుంచి వాళ్లమ్మ చెప్పిందే ఆ పిల్ల చేసింది. ఆ తప్పు తన భాషదని పిల్లకి తెలియదు. తనకి ఏమీ రాదు అనుకుంటుంది. మూడోసారి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

అదే చోట భాష తెలిసిన అక్క ఒకరు ఉంటే ఏం జరుగుతుంది? నవ్వుతుంది. "అవునే, మన ఇంట్లో ఇది కోడి. స్కూల్లో దీన్ని ఆవు అంటారు. స్కూల్లో కోడి అంటే అదిగో, అది" అంటుంది. పిల్ల కూడా నవ్వుతుంది. ఒక్క నిమిషంలో రెండు భాషలు వచ్చాయి, సిగ్గు పోయింది. పిల్ల ఎందుకు ఆవుని ముట్టుకుందో అర్థం చేసుకోవడం ఆ అక్కకి వచ్చు. కోట్ల రూపాయలు పోసి కొన్న ఏ తెరకీ ఈ రోజుకి అది రాదు, ఎందుకంటే అందులో పాఠం పెట్టినవాళ్లకి కువి అనే భాష ఉందని కూడా తెలియదు.

ఇది మాకు కథ కాదు. మా గదిలో పదిమందిమి. కొందరం ఇంట్లో కువి, కొందరం ఆదివాసీ ఒడియా, కొందరం తెలుగే మాట్లాడతాం. అందరం మా ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం. ఒకటో తరగతిలో మా పక్కన కూర్చున్నవాళ్లు ఎక్కడున్నారో ఒక రాత్రి లెక్కేసుకున్నాం. ఇంట్లో తెలుగు మాట్లాడే మావాళ్ల పక్కన కూర్చున్నవాళ్లు కనీసం పదో తరగతి దాకా వచ్చారు. కువి మాట్లాడే మావాళ్ల పక్కన కూర్చున్నవాళ్లు చాలామంది మూడులో, నాలుగులో ఆగిపోయారు. వాళ్లు మాకంటే తక్కువ తెలివైనవాళ్లేం కాదు. జీలుగు చెట్టెక్కడంలో, చేపలు పట్టడంలో, వానొస్తుందో రాదో చెప్పడంలో మాకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాళ్లే. క్లాసులో రెండేళ్లు ఏమీ అర్థంకాక గోడ చూస్తూ కూర్చున్నారు, అంతే. ఆ గోడ ఉన్నచోట ఇప్పుడు టచ్ టీవీ పెడితే ఏం మారుతుంది? గోడకి రంగులు వస్తాయి.

కువిలోనే యాప్ తయారుచేయిస్తే సరిపోదా అని ఒక చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. తయారుచెయ్యాలి, మేం ఒప్పుకుంటాం. కానీ చరిత్ర ఒకసారి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో 240 స్కూళ్లలో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. తెలుగు లిపిలోనే మన భాషల వాచకాలు వేశారు. మన పాటలు, మన కథలు, మన సంతలు, మన పండగలు వాటిలో పెట్టారు. చేసి చూపించిన పని అది. తర్వాత ఆ పని మీద శ్రద్ధ ఏమయ్యింది? భాషా వాలంటీర్లు ప్రతి ఏడాదీ మమ్మల్ని కొనసాగించండి అని ఐటీడీఏ ముందు కూర్చోవాల్సిన పరిస్థితి ఎందుకు వచ్చింది? అచ్చేసిన పుస్తకాన్నే నిలబెట్టుకోలేనిచోట యాప్ మాత్రం నిలబడుతుందా? పుస్తకం పాతబడినా చదవొచ్చు. యాప్‌ని ఏడాదికోసారి ఎవరో ఒకరు చూసుకోవాలి.

రాజ్యాంగంలో 350ఎ అధికరణ ఉన్నాది. భాషాపరంగా మైనారిటీ అయిన పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలని అందులో ఉన్నాది. మన భాష తెలిసిన టీచర్లు రావడానికి ఉన్న పెద్ద దారి జీవో 3. 2000 జనవరి 10న వచ్చింది, ఏజెన్సీలో టీచరు పోస్టులు వంద శాతం స్థానిక గిరిజనులకే అని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పట్నుంచి దాని గురించి మనం ఎన్ని ధర్నాలు చేశాం, ఎన్ని బంద్‌లు చేశాం! ఆ ధర్నాల్లో మనం ఉద్యోగాల గురించే మాట్లాడాం. ఒకటో తరగతి పిల్ల "కోడి" గురించి మాట్లాడలేదు. అది మన తప్పు. జీవో 3 నిరుద్యోగుల సమస్య ఒక్కటే అయితే ప్రభుత్వం ఎన్నేళ్లయినా నాన్చుతుంది. అది పసిపిల్లల చదువు సమస్య అని మనమే గట్టిగా చెప్పాలి.

వీఆర్ గురించి. ఆ కళ్లజోడు మాలో ముగ్గురం ఒక సైన్సు ఎగ్జిబిషన్లో పెట్టుకున్నాం. సముద్రం అడుగు చూపించారు. తిమింగలం మీదకొచ్చేసరికి మేమే వెనక్కి గెంతాం. ఇరవై ఏళ్లవాళ్లం. డిగ్రీలో గుండె నిర్మాణం, భూమి పొరలు చూపించడానికి అది భలే పనికొస్తుంది, మా కాలేజీకి ఇస్తే రెండు చేతులా తీసుకుంటాం. మరి ఐదేళ్ల పిల్లకి? 2009లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సెగోవియా, బెయిలెన్సన్ అనేవాళ్లు చిన్నపిల్లలకి తాము తిమింగలాలతో ఈత కొడుతున్నట్టు వీఆర్‌లో చూపించారు. కొన్ని రోజుల తర్వాత అడిగితే, బడి వయసు పిల్లల్లో చాలామంది అది నిజంగానే జరిగింది అన్నారు. 2019లో ఇంకో పరిశోధన వచ్చింది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఒకే బొమ్మ పాత్రని కొందరికి టీవీలో, కొందరికి వీఆర్‌లో చూపించారు. వీఆర్‌లో చూసినవాళ్లకి ఆ బొమ్మ మరీ నిజమైపోయింది, దానితో తమ వస్తువులు పంచుకున్నారు. కానీ ఆగమన్నచోట చేతిని ఆపుకోవడం టీవీ చూసిన పిల్లలంత బాగా చెయ్యలేకపోయారు. ఆ కళ్లజోడు అమ్మే మెటా కంపెనీ సైతం పదేళ్ల లోపు పిల్లలకి ఇది కాదు అని తనే చెప్తున్నాది. కంపెనీవాడే వద్దంటున్నదాన్ని మనం వినతిపత్రం రాసి మరీ అడుగుతున్నాం.

ఇప్పుడు చింతపల్లి సంగతి. ఇది మనందరికీ గుర్తుండాలి, మనలో చాలామంది ఆ రోజు అక్కడే ఉన్నాం. 2023 డిసెంబరు 21. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు చింతపల్లి వచ్చి ఎనిమిదో తరగతి పిల్లలకి టాబ్‌లు పంచే కార్యక్రమం మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద 4 లక్షల 34 వేల పైన టాబ్‌లు, 620 కోట్ల రూపాయలు అన్నారు. అంతకు ముందు ఏడాది అదే రోజున బాపట్ల జిల్లా యడ్లపల్లిలో 5 లక్షల 18 వేలు పంచారు. లోపల బైజూస్ పాఠాలు. మా తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ టాబ్ ఛాతీకి హత్తుకుని ఇంటికొచ్చిన రోజు ఇంకా కళ్లముందే ఉన్నాది. పదమూడేళ్ల పిల్లలకి అది ఎంతో కొంత పనికొచ్చింది కూడా. దాన్ని మేం తీసిపారెయ్యం.

కానీ ఆ రోజే రాష్ట్రంలో ఇంకోటి జరుగుతున్నాది. డిసెంబరు 12 నుంచి అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెలో ఉన్నారు. నెలకి టీచరుకి 11,500, ఆయాకి 7,000. పెంచండి, గ్రాట్యుటీ ఇవ్వండి అని అడిగారు. టాబ్‌ల రోజుకి సమ్మె పదో రోజు. జనవరి 22 దాకా, 42 రోజులు సాగింది. మధ్యలో వాళ్ల మీద ఎస్మా పెట్టారు. తెర కొనడానికి వందల కోట్లు ఉన్నాయి, పిల్ల చెయ్యి పట్టుకునే మనిషికి పెంచాలంటే చట్టం బయటకి తీశారు. పార్టీ మారితే ఇది మారుతుందని మేం అనుకోవట్లేదు. కేంద్రం సక్షమ్ అంగన్‌వాడీ పేరుతో రెండు లక్షల అంగన్‌వాడీల్లో ఎల్‌ఈడీ తెరలు పెడతామంటున్నాది. తెర ఇచ్చినవాడికి ఫొటో ఉంటాది, ప్రారంభోత్సవం ఉంటాది, రిబ్బను ఉంటాది. ఆయాకి వెయ్యి రూపాయలు పెంచితే ఫొటో ఏం వస్తాది?

బైజూస్ ఏమయ్యిందో కూడా చూడండి. 2022 జూన్‌లో ప్రభుత్వంతో ఒప్పందం. 2024 జూలై 16న బెంగళూరులో కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ కంపెనీని దివాలా ప్రక్రియలోకి పంపింది. రెండేళ్లు. ఒక పిల్ల అంగన్‌వాడీలో చేరి ఒకటో తరగతికి వచ్చేలోపే కంపెనీ పడిపోయింది. మన పిల్లల పునాదిని ఇలాంటిదాని మీద కట్టమని మనమే అడుగుదామా?

ఇక గట్టి వాదన ఒకటి ఉన్నాది. "విశాఖలో పిల్లలు మూడేళ్లకే టాబ్ పట్టుకుంటున్నారు, మనోళ్లు వెనకబడిపోతారు." దీన్ని మేం తేలిగ్గా తీసుకోం, ఎందుకంటే నర్సీపట్నం వచ్చిన మొదటి ఏడాది కంప్యూటర్ ల్యాబ్‌లో మౌస్ పట్టుకోవడం రాక నలుగురి ముందు చెమటలు పట్టినవాళ్లం మేం. కానీ ఆ మౌస్ నేర్చుకోడానికి ఎన్ని రోజులు పట్టింది? వారం. చదివింది అర్థం చేసుకోవడం, లేచి నిలబడి ప్రశ్న అడగడం నేర్చుకోడానికి? మాలో కొందరికి ఇంకా రాలేదు. నొక్కడం ఎప్పుడైనా వస్తుంది. పట్నంలో టాబ్ పట్టుకున్న పిల్ల పక్కన ఆ పిల్ల భాషే మాట్లాడే అమ్మ, టీచరు, ట్యూషను అక్క ఉన్నారు. తెరలో వచ్చిన మాట ఇంట్లోనూ వినపడుతుంది. మనకి ఆ మనుషుల్ని ఇవ్వకుండా తెర మాత్రమే ఇచ్చి, ఇద్దరికీ సమానంగా ఇచ్చాం అంటారు. అది సమానత్వం ఎలా అవుతుంది?

పెరూ దేశంలో ఇదే చేసి చూశారు. పల్లెటూరి ప్రైమరీ స్కూళ్లలో పిల్లకొక లాప్‌టాప్ ఇచ్చారు. 319 స్కూళ్లలో పరిశీలించి 2012లో ఫలితం చెప్పారు. కంప్యూటర్లు బోలెడు పెరిగాయి, లెక్కల్లో, చదవడంలో మార్కులు మాత్రం పెరగలేదు. దానికి ఎదురు ఉదాహరణ కూడా ఉన్నాది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ కార్యక్రమం వాడిన పిల్లలు నాలుగున్నర నెలల్లో లెక్కల్లో, హిందీలో బాగా ముందుకెళ్లారని 2019లో అచ్చయిన పరిశోధన. మరి అక్కడ ఎందుకు పనిచేసింది? వాళ్లు పెద్దపిల్లలు, ఆరు నుంచి తొమ్మిది తరగతుల వాళ్లు. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చూసి అక్కణ్ణుంచే పాఠం మొదలుపెట్టింది. వాళ్లకి తెలిసిన భాషలో చెప్పింది. పక్కన చూసుకునే మనిషి ఉన్నాడు. ఈ నాలుగూ మన ఒకటో తరగతికి తెచ్చి చూపించండి, టాబ్‌ని మేమే భుజాన వేసుకుని లంబసింగి ఘాట్ ఎక్కిస్తాం.

అందుకే వినతిపత్రం ఇలా మార్చాలని అడుగుతున్నాం.

మొదటిది: కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాట్లాడే ప్రతి ఊరి స్కూల్లో, అంగన్‌వాడీలో పిల్లల భాష తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. ఏడాదికోసారి కొనసాగింపు కోసం అడుక్కునే పద్ధతి పోవాలి. నెలనెలా జీతం పడాలి.

రెండోది: మన భాషల వాచకాలు మళ్లీ అచ్చెయ్యాలి. స్కూలుకి ఒకటి కాకుండా పిల్లకొకటి ఇవ్వాలి. పిల్ల దాన్ని ఇంటికి తీసుకెళ్లి తాతకి చూపించాలి.

మూడోది: జీవో 3కి బదులు చట్టబద్ధంగా నిలబడే దారి చూపాలి.

నాలుగోది: తెరలు ఆరో తరగతి నుంచి ఇవ్వాలి. ఇచ్చే ముందు కరెంటు, రిపేరు చేసే మనిషి, మన భాషలో పాఠం, ఈ మూడూ ఉన్నాయో లేదో ఊళ్లో గ్రామసభ చూసి ఒప్పుకోవాలి. చిన్న తరగతుల్లో ఉంటే టీచరు చేతిలో ఒక్కటి ఉండనివ్వండి. సముద్రం ఎలా ఉంటుందో అందరినీ కూర్చోబెట్టి చూపించి, ఆపేసి, పిల్లల్ని అడగాలి: ఏం చూశారు, మన గెడ్డకీ దానికీ తేడా ఏటి?

డిమాండ్లు రాసి చేతులు కట్టుకుని కూర్చోమని మేం అనట్లేదు. మన చేతిలో ఫోన్లున్నాయి కదా. దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ప్రతి ఒక్కరూ మీ అవ్వ చెప్పే ఒక కథ మీ భాషలోనే రికార్డు చేసి తీసుకురండి. మేం రాసి, తెలుగు లిపిలో పెట్టి, అర్థం రాసి, పది కథలయ్యాక జెరాక్సు తీసి అంగన్‌వాడీలకి ఇస్తాం. హాస్టల్లో నలుగురం పేర్లు ఇచ్చేశాం. ఫోను ఇలా వాడితే మాకు దానితో ఏ తగాదా లేదు. మన పిల్ల తెర ముందు కూర్చునే రోజు వచ్చేసరికి, ఆ తెర లోపల మన మాట ఉండాలి. దాన్ని ఎవరో బెంగళూరులో కూర్చుని పెట్టరు.

ఒంటరిగా తెర ముందు వదిలేసిన పిల్లకి నొక్కడం వస్తుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని మాట్లాడిన పిల్లకి మాట వస్తుంది. మన వినతిపత్రంలో ఏది మొదటి స్థానంలో ఉండాలి?

వచ్చే ఆదివారం పొద్దున్న పదింటికి మళ్లీ కూర్చుందాం. మా మాట తప్పు అనిపించినవాళ్లు తప్పకుండా రండి. రాలేనివాళ్లు ఇక్కడే రాయండి: మీ ఊరి స్కూల్లో ఒకటో తరగతి పిల్లల భాష ఏది, టీచరు భాష ఏది. ఆ రెండు గళ్లూ నింపండి చాలు. ఆ పట్టిక పట్టుకునే పాడేరు వెళ్దాం.

జై ఆదివాసీ. జోహార్.